మళ్లీ హెడ్ కోచ్ మారారు. మావాడి వార్సిటీ సంగతేంటి? (టెక్సాస్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్)

ప్రసన్న_కాలిన్‌కౌంటీ
అందరికీ నమస్తే. ఇక్కడ ఎస్‌ఏటీ, రోబోటిక్స్ తప్ప వేరే గోల ఉండదు కాబట్టి ఈ టాపిక్ ఎంతమందికి పడుతుందో తెలీదు, అయినా అడిగేస్తున్నా.

మావాడు టెన్త్ గ్రేడ్, జేవీ టీమ్‌లో (వార్సిటీ అనే మెయిన్ టీమ్‌కి కింది టీమ్) లాంగ్ స్నాపర్. తెలియనివాళ్లకి: పంట్ (బంతిని కాలితో దూరంగా తన్నడం) కొట్టేటప్పుడు మధ్యలో వంగి, కాళ్ల సందులోంచి పద్నాలుగు పదిహేను గజాల వెనక ఉన్నవాడికి బంతి విసిరే పిల్లాడు. మా అత్తగారికి ఇది అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

శుక్రవారం సాయంత్రం స్కూల్ నుంచి ఈమెయిల్. హెడ్ కోచ్ రాజీనామా చేశారట, కుటుంబంతో ఎక్కువసేపు గడపడానికట. మావాడు మిడిల్ స్కూల్లో ఉన్నప్పుడు ఒకాయన, నైన్త్‌కి వచ్చేసరికి ఈయన, ఇప్పుడు ఈయన కూడా పోతున్నారు. వచ్చే ఏడాది వార్సిటీలోకి తీసుకుంటామని నోటిమాటగా అన్నారు. కొత్తాయన వస్తే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది? మా ఆయనేమో పక్క స్కూల్ జోన్‌లోకి ఇల్లు మారదాం అంటున్నారు. ఇలాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. స్కూల్ పేరు మాత్రం అడగొద్దు, సగం మంది మనవాళ్లు అక్కడే.

గుంటూరు_టు_ప్లేనో
ప్రసన్న గారూ, "కుటుంబంతో సమయం" అంటే పొమ్మనలేక పొగపెట్టారని అర్థం. నిజంగా కుటుంబం కోసమే అయితే ఏప్రిల్లో ఇంకో స్కూల్ చొక్కా వేసుకుని కనిపించరు. చూస్తూ ఉండండి 😄

ఇక్కడ పద్ధతి ఏంటంటే, యూఐఎల్ (టెక్సాస్‌లో స్కూల్ పోటీలు నడిపే సంస్థ) రూల్ ప్రకారం వార్సిటీ ఫుట్‌బాల్ కోచ్ ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఫుల్‌టైమ్ ఉద్యోగి అయి ఉండాలి. కాబట్టి కాలేజీల్లోలాగా "నిన్ను తీసేశాం, ఇంటికి పో" అని మైకులో చెప్పడం తక్కువ. "రీఅసైన్" అంటారు, వేరే బాధ్యత ఇస్తారు. ఆయనకి అర్థమైపోతుంది, నాలుగైదు చోట్ల ఇంటర్వ్యూలకి వెళ్తాడు. 6ఏ (అన్నిటికంటే పెద్ద సైజు) స్కూళ్లలో హెడ్ కోచ్ జీతం లక్ష డాలర్లు దాటడం మామూలే. ఆ జీతానికి తగ్గట్టే ఒత్తిడి.

వరంగల్_అన్న
గట్ల అందర్నీ ఒక్క గాటన కట్టకు తమ్మీ. మా పక్కింటాయన కోచ్. ఆగస్టుల మొదలైతే డిసెంబర్ దాకా ఇంట్ల ఉండడు. శుక్రవారం రాత్రి మ్యాచ్, శనివారం పొద్దుగాల టేపులు చూసుడు, ఆదివారం వచ్చే వారానికి ప్లాన్. సోమవారం మళ్ల పిల్లగాళ్ల మార్కులు, ఎవనికి 70 కంటె తక్కువ పడ్డయో లెక్క. 1984ల హౌస్ బిల్ 72 వచ్చినప్పటి సంది "పాస్ కాకపోతే ఆట లేదు" అనే రూల్ ఉన్నది కదా. స్టార్ పిల్లగాడు ఆల్జీబ్రాల ఫెయిలైనా ఫోన్ వచ్చేది గీయనకే. నిజంగనే కుటుంబం కోసం పోయేటోళ్లు మస్తు మంది ఉంటరు.

గుంటూరు_టు_ప్లేనో
సరే అన్నా, పొగ మాట సగం వెనక్కి 🙏

అలెన్_పాతకాపు
పదిహేనేళ్లుగా అలెన్‌లో ఉంటున్నా, మా ఊరి కథ చెప్తా. ఊరికంతా ఒకటే హైస్కూల్, ఐదు వేలకు పైగా పిల్లలు. 2012లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 సీట్ల స్టేడియం కట్టారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి 2014లో మూసేశారు, మళ్లీ 2015లో తెరిచారు. మన ఊళ్లో ఫ్లైఓవర్లే అనుకుంటాం.

ఇప్పుడు కోచ్‌ల లెక్క చూడండి. టామ్ వెస్టర్‌బర్గ్ 2004 నుంచి 2015 సీజన్ దాకా ఉన్నారు. 2008, 2012, 2013, 2014 స్టేట్ టైటిళ్లు ఆయనవే. చివరి మూడింటిలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కైలర్ ముర్రే, స్టార్టర్‌గా దిగిన ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, 42-0. తర్వాత టెర్రీ గాంబిల్ వచ్చారు, 2017లో ఇంకో టైటిల్. ఆయన రిటైరయ్యాక 2021లో చాడ్ మోరిస్. అంతకుముందు అర్కాన్సా యూనివర్సిటీ హెడ్ కోచ్. ఊరంతా సంబరం. ఒక్క సీజన్ చేసి మళ్లీ కాలేజీ వైపు వెళ్లిపోయారు. 2022లో లీ విగింటన్. అంటే పన్నెండేళ్లలో ఒకే కోచ్‌ని చూసిన ఊరు, 2020 నుంచి 2022 మధ్య మూడు సీజన్లకి ముగ్గురిని చూసింది. మోరిస్ గారు చెడ్డ కోచ్ అని కాదు, కాలేజీ రుచి తెలిసిన మనిషి హైస్కూల్లో ఎన్నాళ్లుంటాడని వచ్చిన రోజే అనుకోవాల్సింది. పేరు చూసి తీసుకుంటే ఇంతే.

ఆస్టిన్_శ్రీను
చాడ్ మోరిస్ పేరు వచ్చింది కాబట్టి మా వైపు సంగతి. లేక్ ట్రావిస్ 2007 నుంచి 2011 వరకు వరసగా ఐదు స్టేట్ టైటిళ్లు గెలిచింది. ఎంతమంది హెడ్ కోచ్‌లతో అనుకుంటున్నారు? ముగ్గురు! 2007 జెఫ్ డైకస్, 2008, 2009 చాడ్ మోరిస్, 2010, 2011 హ్యాంక్ కార్టర్. బేకర్ మేఫీల్డ్ 2011 టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్. కోచ్ మారితే ప్రోగ్రామ్ కూలిపోతుందనేవాళ్లకి ఇదే జవాబు.

ఇక్కడ ఒక కిటుకుంది. కార్టర్ బయటినుంచి రాలేదు, మోరిస్ దగ్గర డిఫెన్స్ చూసినాయనే. ఇంట్లో మనిషికే తాళాలిచ్చారు. ప్రసన్న గారూ, హెడ్ కోచ్ ఎవరని కాదు, కింద ఉన్న అసిస్టెంట్లలో ఎంతమంది మిగులుతున్నారో కనుక్కోండి.

బే_ఏరియా_బాబాయ్
శ్రీను చెప్పింది వంద శాతం. మా కాంకర్డ్‌లో డి లా సాల్ అని క్యాథలిక్ ప్రైవేటు స్కూలు. బాబ్ లాడూసర్ 1979లో హెడ్ కోచ్‌గా చేరి 2012 సీజన్ దాకా ఉన్నారు. మధ్యలో 1992 నుంచి 2004 వరకు వరసగా 151 మ్యాచ్‌లు గెలిచారు. ఆయన దిగిపోయాక వచ్చిన జస్టిన్ అలంబా ఆయన దగ్గర ఆడినవాడు, ఆయన కిందే కోచింగ్ చేసినవాడు.

అదే మా పక్క పబ్లిక్ స్కూళ్లకి వెళ్తే సీన్ వేరు. టెక్సాస్‌లోలాగా లక్షల జీతాలు లేవు. చాలా చోట్ల కోచ్ స్కూల్ ఉద్యోగి కూడా కాదు, బయట పని చేసుకుంటూ సాయంత్రం వస్తాడు. సీజన్‌కి కొన్ని వేల డాలర్ల స్టైపెండ్. గంటల్లో లెక్కేస్తే బర్గర్ షాపే నయం. ఇద్దరు ముగ్గురు పేరెంట్స్ ఈమెయిళ్లతో వాయించారంటే "నాకెందుకొచ్చిన తలనొప్పి" అని తాళాలిచ్చేసి పోతాడు. కోచ్‌ని నిలబెట్టుకోవడం వాళ్లకి డబ్బు సమస్య, మీకు గెలుపు సమస్య.

ప్రసన్న_కాలిన్‌కౌంటీ
చాలా థ్యాంక్స్ అందరికీ. శ్రీను గారు అడగమన్నది ఇవాళే కనుక్కున్నా, గుండె జారిపోయింది. స్పెషల్ టీమ్స్ (పంట్, కిక్‌ల టీమ్) చూసే కోచ్ కూడా వెళ్తున్నారట, హెడ్ కోచ్‌తో పాటే.

మావాడికి అసలు దెబ్బ అది. హెడ్ కోచ్ వీడితో సీజన్ మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడి ఉంటారేమో. ఈయన మాత్రం ప్రాక్టీస్ అయ్యాక వీణ్ణి, పంటర్‌ని ఆపి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూపించేవారు: "బంతి వదిలాక నీ బొటనవేళ్లు ఎటు చూస్తున్నాయి?" అని. బయటికి తిరిగి ఉండాలట, అప్పుడే బంతి సుడి తిరుగుతూ నేరుగా వెళ్తుందట. వీడు డ్రైవ్‌వేలో పాత పరుపు నిలబెట్టి, దాని మీద సుద్దతో పంటర్ నడుము దగ్గర ఒక గుండ్రం గీసుకుని, రోజూ చీకటిపడేదాకా విసురుతాడు. పరుపు వెనక మా గ్యారేజ్ తలుపుకి రెండు సొట్టలు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల సంఘం) నుంచి లెటర్ కూడా వచ్చింది! ఇంత చేయించిన మనిషి వెళ్లిపోతే, కొత్తాయనకి లాంగ్ స్నాపర్ అంటే మిగిలిపోయిన లైన్‌మన్ ఎవడో ఒకడు.

కమ్మింగ్_కవిత
ప్రసన్నా, పిల్లాడి పట్టుదల చూస్తే ముచ్చటేస్తోంది. మా జార్జియా కథ వింటే మీకు మీ స్కూలే నయమనిపిస్తుంది.

వల్‌డోస్టా హైస్కూల్ అని, దేశంలో అన్నిటికంటే ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన స్కూళ్ల లిస్టులో పైన ఉంటుంది. అక్కడ అలన్ రోడ్‌మేకర్ 2016లో హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదే స్టేట్ గెలిపించారు. 2020 జనవరిలో స్కూల్ బోర్డు 5-4 ఓట్లతో ఆయన కాంట్రాక్టు ఆపేసింది. ఒక్క ఓటు! విషయం కోర్టుకెక్కింది. ఆయన బదులు పెద్ద పేరున్న రష్ ప్రాప్స్ట్‌ని తెచ్చారు. ఏడాది తిరిగేసరికి పిల్లల్ని బయటినుంచి లాక్కొచ్చారన్న ఆరోపణలు, రాష్ట్ర అసోసియేషన్ జరిమానా, 2021 ప్లేఆఫ్స్ నిషేధం. ఆయన కాంట్రాక్టూ పొడిగించలేదు. బోర్డు గదిలో పెద్దవాళ్లు ఆడుకున్న ఆటకి ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది పిల్లలు.

మన వాళ్లు స్కూల్ బోర్డు ఎలక్షన్లకి ఓటెయ్యరు, టాక్స్ మాత్రం కడతారు. హెడ్ కోచ్ నియామకం ఆమోదించేది వాళ్లేనని తెలిస్తే కాస్త కదులుతారేమో.

ట్యూబా_వాళ్లమ్మ
నా బాధ ఎవరికీ పట్టదు గానీ చెప్తా. మా అమ్మాయి మార్చింగ్ బ్యాండ్. మన పిల్లలు శుక్రవారం రాత్రి స్టేడియంలో ఎక్కువమంది కనిపించేది బ్యాండ్ సెక్షన్లోనే కదా. టీమ్ ఓడిపోతుంటే జనం హాఫ్‌టైమ్‌కే లేచి కార్ల దగ్గరికి పోతారు. పిల్లలు ఆగస్టు ఎండలో తారు మీద నడిచి నేర్చుకున్న షో ఖాళీ బెంచీలకి వాయిస్తారు. కాబట్టి కోచ్ గారు ఎవరైనా సరే, మొదటి రెండు క్వార్టర్లు కాస్త లాక్కురండి సామీ 🙏

వరంగల్_అన్న
😂😂 అక్కా, గిది నేను ఎన్నడూ ఆలోచించలే.

సుధీర్_డీఎఫ్‌డబ్ల్యూ
సరదా పక్కనపెట్టి ఒక ముఖ్యమైన మాట. ప్రసన్న గారూ, ఇల్లు మారే ఆలోచన ఉంటే తొందరపడకండి. నైన్త్ తర్వాత స్కూల్ మారిన పిల్లాడు వార్సిటీ ఆడాలంటే యూఐఎల్ వాళ్ల ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం నింపాలి. అందులో పాత స్కూల్ వాళ్లు కూడా రాస్తారు, ఆట కోసమే మారాడా అని. ఔనని తేలితే ఒక క్యాలెండర్ ఇయర్ వార్సిటీ లేదు. మీవాడికి ఇప్పుడు ఒక ఏడాది పోతే ఇక మిగిలేది సీనియర్ ఇయర్ (ట్వెల్త్) ఒక్కటే. వెళ్లిపోయిన కోచ్ వెనకాలే వెళ్లడం ఇంకా ప్రమాదం, చూడగానే అనుమానం అక్కడే పడుతుంది. తేల్చేది డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ. అందులో కూర్చునేది మీతో పోటీపడే స్కూళ్లవాళ్లే, ఇక ఆలోచించుకోండి.

ఇంకోటి. మన కాలిన్, డెంటన్ కౌంటీల్లో కోచ్‌లు ఇంత తరచుగా మారడానికి గెలుపోటములు ఒక్కటే కారణం కాదు. ఫ్రిస్కోలో ఇప్పుడు పన్నెండు హైస్కూళ్లు. 2021లో ఎమర్సన్, 2022లో పాంథర్ క్రీక్ తెరిచారు. పక్కన ప్రాస్పర్‌లో 2020లో రాక్ హిల్, 2023లో వాల్‌నట్ గ్రోవ్. కొత్త స్కూల్ తెరిచిన ప్రతిసారీ ఒక హెడ్ కోచ్, డజను పైగా అసిస్టెంట్లు కావాలి. ఎక్కణ్నుంచి వస్తారు? పక్క స్కూళ్ల నుంచే. మంచి కోఆర్డినేటర్ (ఆఫెన్స్ లేదా డిఫెన్స్ మొత్తం చూసే అసిస్టెంట్) ఎవరైనా హెడ్ కోచ్ అవ్వాలనే చూస్తాడు, మనం మేనేజర్ ప్రమోషన్ కోసం కంపెనీ మారమా? పైగా రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో యూఐఎల్ రీఅలైన్‌మెంట్. స్కూల్ సైజుని బట్టి 5ఏ, 6ఏ అటూఇటూ అవుతుంది, కొత్త డిస్ట్రిక్ట్‌లో (ఒకరితో ఒకరు ఆడే స్కూళ్ల గ్రూపు) ఎవరు పడ్డారో చూసి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు.

కూకట్‌పల్లి_కిట్టు
హైదరాబాద్ నుంచి చదువుతున్నా, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా హైస్కూల్లో డ్రిల్ మాస్టారు మా బాబాయికీ ఆయనే, నాకూ ఆయనే. గెలిచామా ఓడామా అని అడిగిన నాథుడు లేడు కాబట్టి ఆయన్ని కదిపినవాడూ లేడు. మీరు చెప్పే ఫుట్‌బాల్ కాదనుకోండి, కానీ మన సయ్యద్ అబ్దుల్ రహీం గారు కూడా బడిపంతులే. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఆయన చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు కొట్టింది. ఇండియా టీమ్‌తో 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1963లో పోయేదాకా ఆయనే కోచ్. ఓపిక పట్టినచోట పండింది.

గుంటూరు_టు_ప్లేనో
కిట్టూ, రహీం సాబ్ గెలుస్తూనే ఉన్నారు కదమ్మా, ఓపిక ఏం పట్టారు. వరసగా రెండేళ్లు 2-8తో కూర్చున్న కోచ్‌ని ఆపమంటే అప్పుడు తెలుస్తుంది ఓపిక.

వరంగల్_అన్న
ఓపిక గురించి వచ్చింది గనుక జెప్తున్న. మన తల్లిదండ్రులం ఏం తక్కువ తినలే. పోయిన సీజన్ల మా స్టాండ్స్‌ల ఒకాయన ప్రతి మ్యాచ్‌కు కోచ్‌ను ఎట్ల తిట్టిండో, పక్కన ఆయన పెండ్లాం కూసున్నది, చిన్న బిడ్డ ఉన్నది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, కొడుకుకు ఆడే టైం ఇయ్యకపోతే ప్లేబుక్ మంచిగ లేదంటరు. బూస్టర్ క్లబ్‌కు (టీమ్ కోసం పైసలు జమచేసే పేరెంట్స్ సంఘం) చెక్కు రాస్తే టీమ్ మొత్తం కొనుక్కున్నట్టే. గిట్లయితే ఎవడుంటడు?

అలెన్_పాతకాపు
అన్నా, పేరెంట్స్ అందరినీ అనకు. మా బూస్టర్ క్లబ్‌లో తెల్లారగట్ల లేచి పిల్లలకి బ్రేక్‌ఫస్ట్ టాకోలు కట్టేవాళ్లు ఉన్నారు, వాళ్ల పిల్లలు ఒక్క ప్లే కూడా ఆడరు. తిట్టేవాడి గొంతు పెద్దది, అంతే తేడా. పైగా జీతం మా టాక్స్‌లోంచి పోతోంది, కోచ్ ఎందుకు వెళ్లాడో ఒక ముక్క అడిగే హక్కు మాకుంది. స్కూల్ వాళ్లు ఆ రెండు లైన్ల ఈమెయిల్ బదులు నిజం చెప్తే సగం పుకార్లు ఆగిపోతాయి.

వరంగల్_అన్న
అడుగు, నేను వద్దన్ననా? మీటింగ్‌ల అడుగు. స్టాండ్స్‌ల గాదు.

జెర్సీ_నం_84
అంకుల్స్, ఆంటీస్, నేను ఇప్పుడు కాలేజ్ సీనియర్‌ని. డాలస్ సబర్బ్‌లోనే హైస్కూల్, రిసీవర్‌గా (విసిరిన బంతి పట్టేవాడు) ఆడాను. తెలుగు రాయడం కొంచెం స్లో, తప్పులుంటే నవ్వుకోండి.

నా జూనియర్ ఇయర్ (లెవెన్త్) ముందు కోచ్ మారారు. పాతాయనది స్ప్రెడ్ అనే బంతి విసిరే పద్ధతి, నలుగురు రిసీవర్లు. కొత్తాయన టైట్ ఎండ్స్‌ని (ఎక్కువగా బ్లాక్ చేసేవాళ్లు) పెట్టి, బంతి పట్టుకుని పరిగెత్తే రన్ గేమ్ ఆడించారు, ఇద్దరే రిసీవర్లు. ఒక్క రోజులో ఇద్దరం బెంచ్ మీదికి వెళ్లిపోయాం, మా తప్పేం లేకుండా. అందులో నేనొకణ్ని. బ్లాకింగ్ నేర్చుకుంటే ఆడిస్తానన్నారు, నేర్చుకున్నాను, ఆడాను. కానీ నా ఫ్రెండ్‌కి చిన్న కాలేజీల నుంచి లెటర్స్ వస్తున్నాయి, వాడికి జూనియర్ ఇయర్ టేప్ లేకుండా పోయింది. రిక్రూటర్ ఫోన్ చేస్తే మాట్లాడేది హెడ్ కోచ్. ఆ కొత్త కోచ్‌కి వాడి గురించి ఏం తెలుసు, పాపం. అందుకే ఆంటీ, ఇప్పుడే మీవాడి వీడియోలు అన్నీ హడల్ (Hudl, టీమ్ వీడియోలు ఉండే సైట్) లోంచి డౌన్‌లోడ్ చేసి పెట్టండి, వెళ్తున్న స్పెషల్ టీమ్స్ కోచ్ నంబర్ తీసుకోండి. ఆయన ఎక్కడున్నా వీడి గురించి ఒక మాట చెప్పగలరు.

మీవాడిది ఒక రకంగా లక్కీ పొజిషన్. ఏ సిస్టమ్ వచ్చినా పంట్ కొట్టక తప్పదు. స్నాప్ స్నాపే 🙂

ప్రసన్న_కాలిన్‌కౌంటీ
బాబూ, నీ తెలుగు మా పిల్లాడి తెలుగు కంటే వంద రెట్లు నయం. ఈ చివరి లైన్ వాడికి చదివి వినిపించా, రాత్రి మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

ఆస్టిన్_శ్రీను
ఏదైనా కబురుంటే ఇక్కడే రాయండి ప్రసన్న గారూ. ఈ కుర్రాడు చెప్పినట్టు ఆ కోచ్ నంబర్ మాత్రం మర్చిపోకండి.

ప్రసన్న_కాలిన్‌కౌంటీ
అప్‌డేట్: కొత్త హెడ్ కోచ్‌ని సోమవారం బోర్డు మీటింగ్‌లో ఖాయం చేశారు, నిన్న కెఫెటీరియాలో పేరెంట్స్‌తో కూర్చున్నారు. బయటాయనే. గంటసేపు కల్చర్, కుటుంబం, క్రమశిక్షణ అని స్లైడ్లు వేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అని మా ఆయన పక్కనుంచి గొణుగుడు.

నేను లేచి అసిస్టెంట్లలో ఎంతమందిని ఉంచుకుంటున్నారని అడిగా. ఉన్నవాళ్లందరితో ఒక్కొక్కరిగా మాట్లాడుతున్నానని, డిఫెన్స్ వైపు చాలామటుకు ఉంటారని, ఆఫెన్స్‌కి తన మనుషుల్ని తెచ్చుకుంటానని సూటిగానే చెప్పారు. స్పెషల్ టీమ్స్‌కి ఇంకా ఎవరూ లేరట. అయ్యాక మావాడు వెళ్లి తన పేరు చెప్పి, "నేను లాంగ్ స్నాపర్‌ని" అన్నాడు. ఆయన "ఎంత టైమ్‌లో వేస్తావు?" అని అడిగారు. వీడు వెంటనే చెప్పాడు. ఆయన కనుబొమ్మలెత్తి ఫోన్‌లో ఏదో రాసుకున్నారు. ఎత్తింది మెచ్చుకుని ఎత్తారో, నమ్మక ఎత్తారో నాకు తెలీలేదు.

ఇల్లు మారడం మాత్రం లేదు. సుధీర్ గారి పోస్ట్ మా ఆయనకి ఫార్వర్డ్ చేశా, చప్పుడు లేదు. పాత స్పెషల్ టీమ్స్ కోచ్ నంబర్ వాడి దగ్గర ముందే ఉంది. వీడియోలు పంపితే చూసి చెప్తూనే ఉంటానన్నారట.

ట్యూబా_వాళ్లమ్మ
కొత్తాయన మొదటి రెండు క్వార్టర్ల గురించి ఏమైనా చెప్పారా?

ప్రసన్న_కాలిన్‌కౌంటీ
అడగలేదక్కా 😂 స్ప్రింగ్ గేమ్‌కి కన్సెషన్ స్టాండ్‌లో నలుగురు వాలంటీర్లు తక్కువ ఉన్నారు, మీరొస్తే అక్కడే ఉంటారాయన, మీరే అడగొచ్చు. సైన్అప్ లింక్ మెసేజ్ చేస్తా.

ట్యూబా_వాళ్లమ్మ
పంపండి. నాచోస్ దగ్గర వెయ్యండి నన్ను, హాట్ డాగ్‌లు నేను ముట్టను.